చాందిబాయి ఏడుపుకు నేను చెప్పిన అర్థం

ఒక చిన్న మాట నా దగ్గర ఉండిపోయింది. అది నాది కాదు. ఒకామె దాన్ని నాకు అప్పజెప్పి, ఫలానా మనిషికి చేర్చమంది. నేను చేర్చలేదు. ఏళ్ళు గడిచిపోయాయి. జాకెట్టు చంకలు కత్తిరిస్తున్నప్పుడు, పొయ్యి ముందు అన్నం ఉడికేదాకా నిలబడ్డప్పుడు, లైబ్రరీలో పేజీ తిప్పబోయి వేలు ఆగినప్పుడు, అది గొంతులోకి వస్తుంది. మింగుతాను. మళ్ళీ వస్తుంది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ళకు చెప్పే ధైర్యమే ఉంటే ఇదంతా రాయాల్సిన పని ఉండేది కాదు.

నేను జనగామలో ఆడవాళ్ళ బట్టలు కుడతాను. బడిలో చదివింది ఆరో తరగతి వరకే. మిగిలిందంతా లైబ్రరీలో చదివాను. ఈ మాట ఎక్కడ అవకాశం దొరికినా చెప్తాను. ఇక్కడ కూడా చెప్పకుండా ఉండలేకపోయాను, చూశారా. మొదట్లో అక్కడ పేపర్లు చదివే మగవాళ్ళు నన్ను చూసి, "అక్కా, ముగ్గుల పుస్తకాలు ఆ బీరువాల ఉన్నయి" అని నవ్వేవాళ్ళు. నేను ముగ్గుల పుస్తకాలు ముట్టలేదు. చరిత్ర, చట్టం, మనస్తత్వ శాస్త్రం, జాతుల ఆచారాలు, ఏది చేతికందితే అది చదివాను. కొన్నాళ్ళకు ఆ నవ్వినవాళ్ళే పింఛను అర్జీ ఎట్ల రాయాలె, ఈ నోటీసుల ఏమున్నది అని నా దుకాణానికి రావడం మొదలుపెట్టారు. అడగడం వాళ్ళకు అవసరం. జవాబు చెప్పడం నాకు అంతకంటే పెద్ద అవసరం. అది అప్పుడు నాకు అర్థం కాలేదు. "నాకు తెల్వదు" అనే మాట నా నోట్లోంచి పూర్తిగా పోయింది. పోయిందని కూడా గమనించలేదు.

ఆ రోజుల్లోనే కరుణ తన బాధతో నా దగ్గరికి వచ్చింది. అది ఆమె అసలు పేరు కాదు. ఈ రాతలో ఎవరి పేరూ అసలు పేరు కాదు.

కరుణ ఒక బట్టల షాపులో బిల్లులు కొట్టే పని చేసేది. చిన్నప్పటి నుంచి నా దగ్గరే బట్టలు కుట్టించుకుంది. తండ్రి రైల్వే గ్యాంగ్‌లో పనిచేసి పోయాడు. తల్లి ఒకప్పుడు మహబూబాబాద్‌లో ఒక ప్రైవేటు దవాఖానలో ఆయా. ఆదివారం చర్చికి పోయి, మిగతా రోజులు ఎవరి జోలికీ పోని మనుషులు. ఆ తల్లి మంచం పట్టి, పోయేముందు కరుణతో చెప్పింది: నువ్వు నా కడుపున పుట్టలేదు బిడ్డా, గంగారం దిక్కు తండా పిల్లవు, ఆడపిల్ల వద్దని ఇచ్చేస్తుంటే నేను తెచ్చుకున్న. అంతే చెప్పింది. కాగితాలేవీ లేవు.

తర్వాత కరుణకు పెళ్ళయి కడుపయింది. మొదటిసారి పరీక్షకు పోయి వచ్చిన రోజు నా దుకాణంలో స్టూలు మీద కూర్చుని నవ్వుతూ అంది: "మీ అమ్మకు షుగరున్నదా అని డాక్టరమ్మ అడిగిందక్కా. ఏ అమ్మకు మేడమ్ అని అడుగబుద్ధయింది." నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. "నన్నెందుకిచ్చిందో ఒక్కసారి తెలుసుకోవాలనిపిస్తుంది. నాకు పుట్టేదాన్ని ఎత్తుకోకముందే."

"నేను కనుక్కుంట," అన్నాను.

ఆలోచించకుండా అన్నాను. జాలితోనే అన్నానా? జాలి ఉంది. కానీ ఆ క్షణంలో నా లోపల లేచింది జాలి ఒక్కటే కాదు. ఇన్నేళ్ళు చదివినదానికి ఇదిగో పని దొరికింది అన్న ఉత్సాహం. అది ఎక్కువ ఉందో, జాలి ఎక్కువ ఉందో ఇప్పటికీ తూచలేను.

నేను నిజంగానే కష్టపడ్డాను. మహబూబాబాద్ వెళ్ళి, కరుణ తల్లితో కలిసి పనిచేసిన ముసలి ఆయాను వెతికి పట్టుకున్నాను. కొత్తగూడ దాటి గంగారం పోయే తోవలో ఒక తండా పేరు ఆమె చెప్పింది. పిల్లను కన్నామె అత్త తెచ్చి చేతుల పెట్టింది, మూడోది కూడా ఆడపిల్లేనని, అంది. బిడ్డను కన్నామె పేరు మాత్రం ఆమెకు గుర్తు లేదు. ఆ వారమంతా నేను లైబ్రరీలో లంబాడీల మీద ఉన్న పుస్తకం తీసి చదివాను. వాళ్ళ పెళ్ళిళ్ళ గురించి, అత్తారింటికి పోయే పిల్ల అయినవాళ్ళ మెడ పట్టుకుని పాటగా ఏడవడం గురించి అందులో ఉంది. ఆ పేజీలు రెండుసార్లు చదివాను. రైల్లో కరుణకు పాఠం చెప్పినట్టు చెప్పాను. ఆమె శ్రద్ధగా వింది.

మేము వెళ్ళింది ఎండాకాలం, బీడీలకు వాడే తునికాకు కోసే రోజులు. తండా అంతా ఆకు కట్టలు అప్పజెప్పే చోటుకు పోయింది. నీడన కూర్చున్న ఒక ముసలాయన మేము చెప్పిన వివరాలు విని ఒక ఇల్లు చూపించాడు. ఆ ఇంటి ముందు యాభై దాటిన ఒకామె కూర్చుని ఆకులు కట్ట కడుతోంది. ముసలాయన వాళ్ళ భాషలో ఏదో అరిచి చెప్పాడు. ఆమె ఆకులు ఒళ్ళోంచి దులిపేసి లేచింది. కరుణ ముఖం చూసింది. వచ్చి రెండు చేతులూ మెడ చుట్టూ వేసి, భుజం మీద తల పెట్టి, రాగం తీసి ఏడవడం మొదలుపెట్టింది. పొడుగ్గా, మాటలు అల్లుతూ, మధ్యలో ఊపిరి తీసుకుని మళ్ళీ అందుకుంటూ.

ఇంట్లో పెళ్ళి లేదు. అయినా ఆమె అలా ఏడుస్తోంది. అంటే ఇది కన్నతల్లి ఏడుపు. నా చదువు ఆ క్షణంలో లెక్క కట్టి చేతిలో పెట్టిన జవాబు అది. ముక్కు దగ్గర, గడ్డం దగ్గర ఇద్దరికీ పోలిక కూడా ఉంది.

"మీ అమ్మే," అన్నాను కరుణతో.

కరుణ "అమ్మా" అంది. ఆ మాటకు ఆ మనిషి పాట ఆగిపోయింది. తల ఎత్తి కరుణ వంక చూసింది, తర్వాత నా వంక. ఏదో చెప్పబోయింది. పెదవులు కదిలాయి. నేను నా కొంగుతో ఆమె కళ్ళు తుడిచి, "చాలమ్మా, ఏం చెప్పొద్దు, ఏం చెప్పొద్దు," అన్నాను.

ఆమె పేరు చాందిబాయి. అడగాల్సిన ఒక్క ప్రశ్న నేను అడగలేదు. తల్లి మనసును కష్టపెట్టకూడదని అడగలేదు అనుకున్నాను. అసలు కారణం అది కాదు. జవాబు నాకు ముందే తెలుసు కాబట్టి అడగలేదు.

ఆ రోజు నుంచి చాందిబాయి కరుణకు తల్లి అయింది. భర్త పోయాక ఒంటరిగా ఉంటున్న మనిషి. జనగామ వచ్చి పోయేది. వచ్చేటప్పుడు సంచిలో మక్క కంకులు తెచ్చేది. కరుణ వాళ్ళ ఇల్లు ఊడ్చేది, కరుణకు కాళ్ళు ఒత్తేది. ఎక్కువ మాట్లాడేది కాదు, తెలుగు అంతంత మాత్రం. ఎందుకిచ్చావు అని కరుణ ఆమెను ఎప్పుడూ అడగలేదు. "ఏం అడుగుతనక్కా? లేమి. క్షమించేసిన," అంది నాతో. ఆ మాట చెప్తున్నప్పుడు ఆమె ముఖం ప్రశాంతంగా ఉంది. అది నేనిచ్చిన ప్రశాంతత అనుకుని ఆ రాత్రి హాయిగా పడుకున్నాను.

ఊళ్ళో ఈ సంగతి పాకింది. నవంబర్‌లో గ్రంథాలయ వారోత్సవాలప్పుడు నాకు శాలువా కప్పుతామన్నారు. చదువు మనిషికి ఎట్ల పనికొస్తుందో చెప్పాలన్నారు. ఆరో తరగతి చదివిన ఆడమనిషి, వేదిక, మైకు. నా పేరు అచ్చేసిన కరపత్రం దుకాణంలో అద్దం పక్కన అంటించుకున్నాను.

సభకు ముందు రోజు మధ్యాహ్నం ఒకామె వచ్చింది. జాకెట్టు కొలతలకేమో అనుకున్నాను. చేతిలో ప్లాస్టిక్ సంచి. భూపాలపల్లి నుంచి బస్సులు మారి వచ్చానంది. మంచినీళ్ళడిగి తాగింది. చెంబు కింద పెట్టి అడిగింది:

"నువ్వేనా అక్కా, మా తండకు పిల్లను తోలుకొచ్చింది?"

"అవును. నువ్వెవరు?"

"నేను కమ్లిని. చాంది చెల్లెను. అన్నదమ్ములకే ఇచ్చిండ్రు మా ఇద్దర్ని, ఒక్కింట్లకే. నా మొగుడు బొగ్గు పనికి పోతడు, గందుకే భూపాలపల్లిల ఉంటం." కొంగుతో మూతి తుడుచుకుంది. "ఆ పిల్లను కన్నది నేను."

నా చేతిలో కత్తెర ఉంది. అది గుడ్డ మధ్యలో ఆగిపోయింది.

"మరి చాందిబాయి ఆ రోజు అంత ఏడ్చింది గదా?" అన్నాను.

కమ్లి నన్ను వింతగా చూసింది. నవ్వింది కూడా. "ఏడ్వకపోతె ఎట్లక్కా? మా దాంట్ల అయినోళ్ళు చానొద్దులకు గడపకొస్తె మెడ పట్టుకొని పాట పాడుకుంట ఏడుస్తం. పోయినేడు మా అన్న బస్సు దిగి వచ్చినా ఏడ్చిన. గదంటే రా, కూసో అన్నట్టు. మీరు చాయ పోసినట్టు. నువ్వు బాగ సదివినదానివంట గదా, గిది పుస్తకాలల్ల రాయలేదా?"

"తల్లి కానప్పుడు కాదని ఎందుకు చెప్పలేదు మరి?"

"నువ్వు చెప్పనిస్తె గద! నోరు తెరవంగనే చాలమ్మా చాలమ్మా అని కండ్లు తుడిచినవంట. గంతల పిల్ల అమ్మా అన్నదాయె. మా అక్కకు పిల్లల్లేరు. గా మాట చెవుల పడ్డంక దాని నోరు యాడ లేస్తది? నాకు ఫోన్ల చెప్పుకొని ఏడ్చింది. గది ఉత్త ఏడుపే అక్కా, పాట లేదు."

ఆమె ముందుకు జరిగి కూర్చుంది.

"అక్క మీద నాకు కోపం లేదు. పిల్ల దాన్నే అమ్మా అననీ. నాకు హక్కులు అక్కెర లేదు. ఒక్క ముచ్చట చెప్పు సాలు. నేను ఇయ్యలే. కాన్పుల నెత్తురు బాగ పోయి సోయి లేకుంట పడ్డ. సోయొచ్చేవరకు పక్కల పిల్ల లేదు. సచ్చి పుట్టిందని చెప్పిండ్రు. ఏడ్చి ఊకున్న. మా అత్త సచ్చేటప్పుడు చెప్పింది, ఉన్నది, ఎవరికో ఇచ్చిన అని. యాడ ఎతకాలె నేను? గిప్పుడు నువ్వు దొరకబట్టినవు. నీ కాళ్ళు మొక్కుత. నీ తల్లి నిన్ను ఇయ్యలేదంట అని, గా ఒక్క మాట చెప్పు."

ఆమె వెనక గోడ మీద కరపత్రం కనిపిస్తూనే ఉంది. అందులో నా పేరు.

"ఇప్పుడు కాదు," అన్నాను. "పిల్లకు నెలలు నిండినయి. ఇసొంటి మాట వింటె కడుపుల బిడ్డకు మంచిది కాదు. నేను చదివిన."

"నిజమా? పుస్తకంల ఉన్నదా?"

"ఉన్నది."

ఆమె వెంటనే నమ్మింది. నేను చదివినదాన్నని నమ్మింది. "అయితె ఆగుత. కాన్పు కానియ్యి. ఇన్నేండ్లు ఆగిన, గీ నాలుగొద్దులు ఎంతక్కా," అని లేచింది. సంచిలోంచి అద్దాలు, గవ్వలు కుట్టిన చిన్న టోపీ తీసి నా మిషన్ మీద పెట్టింది. పుట్టే బిడ్డకు, తనే కుట్టింది. కుట్టు ఎంత దగ్గరగా ఉందో చూశాను. నా చేతికి అంత సన్నని కుట్టు రాదు. బాగుంది అన్నాను. ఆ రోజు నేనన్న మాటల్లో నిజం అదొక్కటే.

నేను చదివాను అన్నది పూర్తి అబద్ధం కూడా కాదు. ఎక్కడో ఏదో చదివాను, గర్భిణి మనసు సంతోషంగా ఉండాలని. కానీ కమ్లిని ఆపింది ఆ పుస్తకం కాదు. మర్నాడు సభ లేకపోయి ఉంటే నేను ఆ పుస్తకాన్ని గుర్తు తెచ్చుకునేదాన్నా? ఈ ప్రశ్న నాకు నేను ఎన్నిసార్లు వేసుకున్నానో. ప్రతిసారీ ఒకటే జవాబు వస్తుంది, నాకు నచ్చనిది.

మర్నాడు వేదిక ఎక్కాను. ముందు వరసలో నిండు కడుపుతో కరుణ, పక్కన చాందిబాయి. మైకు పట్టుకుని చాందిబాయి ఏడ్చిన తీరు వర్ణించాను. పెళ్ళిలో ఏడ్చే ఏడుపు పెళ్ళి లేనిచోట విన్నాను, ఒక పుస్తకం చదివి ఉన్నాను కాబట్టి అది తల్లి ఏడుపని గుర్తుపట్టాను, అన్నాను. తెలిసి అన్నాను. తండాలో చేసింది పొరపాటు. ఇది పొరపాటు కాదు. చప్పట్లు కొట్టారు. కరుణ కళ్ళు తుడుచుకుంది. చాందిబాయి తల దించుకుని తన చేతి గాజులు తిప్పుకుంటూ కూర్చుంది. ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. ఆ తర్వాత మేమిద్దరం ఒకరి కళ్ళలోకి ఒకరం చూసుకోలేదు, ఆమె బతికున్నన్నాళ్ళూ.

టోపీని కత్తిరింపుల పెట్టెలో, ముక్క గుడ్డల అడుగున పెట్టాను.

కరుణకు ఆడపిల్ల పుట్టింది. కమ్లి ఎవరి ఫోన్ నుంచో చేసింది. ఇంకా పచ్చి బాలింత అన్నాను. మళ్ళీ చేసింది. పిల్లకు జ్వరం అన్నాను. మళ్ళీ చేసింది. ఎత్తలేదు. కొన్నాళ్ళకు ఆ ఫోన్లు ఆగిపోయాయి. ఆగిపోయినప్పుడు నాకు ఊపిరి ఆడింది. ఈ ముక్క కూడా రాయాలి కదా, అందుకే రాస్తున్నాను.

ఆమె నేరుగా కరుణకు చెప్పి ఉండొచ్చు కదా అని మీరు అడగొచ్చు. నేనూ అలా అనుకుని బతికాను కొంతకాలం. తండాలో అందరికీ తెలుసు, వాళ్ళు చెప్పొచ్చు కదా అని కూడా అనుకున్నాను. కానీ ఆ ఇంటి మాట ఆ ఇంటివాళ్ళే చెప్పాలని తండా ఊరుకుంది. కరుణకు వాళ్ళ భాష రాదు. ఇక కమ్లి? అక్కకు దక్కిన "అమ్మ" అన్న పిలుపును తన చేతులతో లాగెయ్యడం ఆమె వల్ల కాదు. అందుకే మధ్యలో ఒక మనిషి కావాలని వెతుక్కుంటూ వచ్చింది. ఆ మధ్య మనిషి నేను.

నేను దాచింది ఎవరికి తగిలిందో రోజూ చూస్తూనే ఉన్నాను. కరుణ తన కూతుర్ని ఒక్క రాత్రి కూడా ఎవరింట్లోనూ ఉంచదు. అంగన్‌వాడీకి పంపినా గేటు దగ్గరే నిలబడుతుంది. భర్త విసుక్కుంటాడు. పిల్లను నిద్రపుచ్చేటప్పుడు ఆమె అనే మాట ఒకసారి నా చెవిన పడింది: "నిన్ను ఎవ్వరికియ్య బిడ్డా. మా అమ్మలెక్క ఇయ్య." క్షమించేసిన అన్న మనిషి ఆమె. క్షమించాల్సింది ఏమీ లేదని తెలిసిన మనిషిని నేను. గడప దగ్గర కరుణకు, చాందిబాయికి కుట్టిన జాకెట్లు పట్టుకుని నిలబడ్డాను, పిల్ల పడుకుందేమో అన్నట్టు, చప్పుడు చేయకుండా.

పోయిన చలికాలం చాందిబాయి పోయింది. కరుణతో పాటు నేనూ తండాకు వెళ్ళాను. కమ్లి అప్పటికే వచ్చి ఉంది. నన్ను చూసింది. ఒక్క మాట అడగలేదు. లేచి వచ్చి కరుణ మెడ చుట్టూ చేతులు వేసి రాగం తీసింది. ఎంతసేపు ఏడ్చిందో. మిగతా ఆడవాళ్ళు తమ ఏడుపు ఆపి ఆమెను చూస్తున్నారు. ఒక ముసలామె కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ పాటలో ఏ మాటలు ఉన్నాయో నాకు తెలియదు. కరుణకూ తెలియదు. కరుణ మర్యాదగా ఆమె వీపు నిమురుతూ నిలబడింది, పెద్దావిడ ఎప్పుడు వదులుతుందా అన్నట్టు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో కరుణ నా భుజం మీద తల పెట్టి అంది:

"పాపం మా చిన్నమ్మ. నన్నెన్నడు సరిగ సూసింది గూడ లేదు, ఎట్ల ఏడ్చిందో. వీళ్ళకు గదొక మర్యాద అక్కా, ఎవరొచ్చినా అట్లనే ఏడుస్తరు. మా అమ్మ ఆ రోజు ఏడ్చిన ఏడుపు వేరే. నువ్వే చెప్పినవ్ గదా."

ఆ బస్సులో నాకు ఇంకో అవకాశం వచ్చింది. మహబూబాబాద్ చేరేదాకా ఉంది ఆ అవకాశం.

"అవును," అన్నాను.

ఇంకెవరి ఏడుపుకూ నేను అర్థం చెప్పలేదు ఆ తర్వాత. లైబ్రరీకి పోతున్నాను, చదువుతున్నాను. ఎవరైనా ఏదైనా అడిగితే "నాకు తెల్వదు" అంటున్నాను. వాళ్ళు ఆశ్చర్యపోతున్నారు. దీన్ని మంచితనమని మీరు అనుకోకండి. ఆలస్యంగా వచ్చిన భయం, అంతే. చాందిబాయికి చెప్పుకోవడానికి ఇప్పుడు నోరు లేదు. కమ్లి భూపాలపల్లిలో ఎక్కడుందో తెలుసుకోవడం పెద్ద కష్టం కాదు. తెలుసుకోలేదు. ఇది రాయడం వల్ల నా తప్పులో ఒక్క గింజ కూడా తగ్గదు. ఈ కాగితం మీద రాసినంత మాత్రాన అది కరుణకు చేరినట్టు కాదు, నాకు తెలుసు.

ఈ రోజు పొద్దున ముక్క గుడ్డలన్నీ కింద పోసి ఆ టోపీ తీశాను. ఒక గవ్వ ఊడింది, మిగతా కుట్టు చెక్కుచెదరలేదు. ఆ పిల్ల తలకు అదిప్పుడు పట్టదు. దాన్ని కరపత్రం చింపేసిన చోట, అద్దం పక్కన మేకుకు తగిలించాను. గౌను కొలతలకు కరుణ కూతుర్ని తీసుకుని రేపు వస్తుంది. గోడ మీద కొత్తది ఏది కనిపించినా ఎక్కడిదని అడిగే అలవాటు ఆ పిల్లకు ఉంది. అడిగినప్పుడు నా నోరు లేస్తుందో లేదో మీకు మాటివ్వలేను. ఇప్పటిదాకా నేనిచ్చిన మాటల సంగతి చదివారు కదా.

కానీ ఇన్నేళ్ళు గొంతులో పెట్టుకున్న ఆ మాటను ఒక్కసారైనా బయటపెడతాను, ఇక్కడ, మీ ముందు. కమ్లి తన బిడ్డను ఎవ్వరికీ ఇయ్యలేదు.

రాశాను. చెయ్యి కొంచెం తేలికయింది. అది నాకు దక్కాల్సింది కాదు.